దొంగాకు

పద్దెనిమిది ఉండాలి. పందొమ్మిది ఉన్నాయి.

జయచంద్ర కుర్చీ ముందుకు లాక్కుని మళ్ళీ లెక్కపెట్టాడు. పందొమ్మిదే. తెర మీద ఉన్నది అతని ఫేవరెట్స్ జాబితా. రోజూ పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే తెరిచి చదువుకునే సైట్లు అవి. వెబ్‌సైట్లు కట్టేవాళ్ళు బయటి దేశాల్లో కొత్తగా ఏం కనిపెట్టారు, ఏ పాత పద్ధతి వదిలేశారు, ఏ బ్రౌజర్‌లో ఏ పేజీ వంకర పోతుంది, దానికి మందేమిటి, అన్నీ వాటిలో దొరికేవి. రెండేళ్ళు వెతికి వెతికి ఏరుకున్నవి. 2004 నాటికి తిరుపతిలో వీధికి రెండు ఇంటర్నెట్ సెంటర్లు లేచాయి గానీ, అక్కడికి వచ్చేవాళ్ళు పరీక్ష ఫలితాలు చూసుకుని పోయేవాళ్ళే. ఈ సైట్ల సంగతి ఊళ్ళో తనకు తప్ప ఇంకెవరికీ తెలియదని జయచంద్ర గట్టి నమ్మకం.

ఎవరి కంటైనా పడినా పోల్చుకోకుండా వాటికి దొంగ పేర్లు కూడా పెట్టాడు. పేజీకి రూపు దిద్దే స్టైల్ షీట్ల పాఠాలుండే సైటు పేరు 'పూతలపట్టు బస్సులు'. ఒకరు ప్రశ్న అడిగితే పదిమంది జవాబు చెప్పే సైటు 'బియ్యం ధరలు'. వారం వారం కొత్త సంగతులు రాసేది 'తలనొప్పి మాత్రలు'. ఇప్పుడు వాటి కింద తను పెట్టనిది ఒకటి వచ్చి కూచుంది. దాని పేరు 'ఎర్రగడ్డలు'.

నొక్కి చూశాడు. ఒక పేజీలో మూడు నిలువు వరుసలు ఏ బ్రౌజర్‌లోనైనా సరిసమానంగా నిలబడే ఉపాయం అందులో ఉంది. నాలుగు రోజులుగా దాని కోసమే అతను కీబోర్డును తిట్టుకుంటున్నాడు. సంతోషపడవలసిన చోట జయచంద్రకు ఒళ్ళు చల్లబడింది. ఎవరో తన జాబితాలో దూరారు. దూరి ఊరుకోక, దొంగ పేర్ల కిటుకు కూడా కనిపెట్టి, తనలాగే పేరు పెట్టి పోయారు. ఎగతాళి కాకపోతే ఇదేమిటి? దొంగ అయినవాడు బీరువా తెరిచి కొత్త చీర పెట్టి పోతాడా అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. కానీ అనుమానం తలకెక్కినవాడికి ఆ ఒక్క నిమిషమే దొరకదు.

బైరాగిపట్టెడలో టిఫిన్ సెంటరు మీది గది అది. రెండు కంప్యూటర్లు, ఇద్దరు మనుషులు. రెండో మనిషి హేమశ్రీ. పూతలపట్టు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, తొమ్మిదిన్నరకే గది తాళం తీసి, ఊడ్చి, దేవుడి పటానికి పువ్వు పెట్టేది. జయచంద్ర పదిన్నరకు వచ్చేవాడు. ఇంటర్నెట్ ఉన్నది అతని కంప్యూటర్‌కు ఒక్కదానికే. అంటే రోజుకు గంటసేపు ఆ జాబితా ఎదుట ఆ అమ్మాయి ఒక్కతే ఉంటుంది. ఈ లెక్క ఇన్నాళ్ళూ తట్టనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

చేరిన మొదటి రోజు ఆ పిల్ల అడిగిన మాట గుర్తొచ్చింది. "ఇదంతా యాడ నేర్చుకున్నారు సార్?"

"ఇది చెప్పించుకునే విద్య కాదు. చూసి నేర్చుకోవాల" అన్నాడు జయచంద్ర, పెద్దమనిషిలాగా.

"సరే సార్" అంది హేమశ్రీ.

ఆ మాట అతని సొంతం కాదు, పెదనాయన మునిరామయ్యది. పుత్తూరు పక్క పల్లెలో మునిరామయ్య ఎముకలు కట్టేవాడు. చెయ్యి విరిగినవాడు, కాలు బెణికినవాడు ఎడ్లబండి నుంచి అంబాసిడర్ కారు దాకా ఏదో ఒకటి ఎక్కి ఆ ఇంటికి వచ్చేవాళ్ళు. కట్టు కట్టడం వసారాలో అందరి ఎదుటే. ఆకు నూరడం మాత్రం లోపలి గదిలో, తలుపు వేసుకుని. చిన్నప్పుడు ఆకుల బుట్ట మోసింది జయచంద్రే. పెదనాయన గుట్ట మీద అసలు ఆకుతో పాటు ఇంకో రెండు రకాల ఆకులు కూడా కోసేవాడు. వాటి ఈనెలు వాకిట్లో పారేసేవాడు. ఎవరైనా ఏరుకుని పోయి ఇదే మందనుకోవాలని. దాన్ని ఇంట్లో దొంగాకు అనేవాళ్ళు. అలా తలుపు మూసి నూరేవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు, తలుపే లేని వృత్తిలోకి వచ్చి పడ్డాడు. ఏ సైటైనా సరే, పేజీ మీద మౌస్ కుడి మీట నొక్కి సోర్సు చూపించమంటే వెనకున్న రాతంతా తెరుచుకుంటుంది. జయచంద్ర తను నేర్చుకుందీ అలాగే. అయినా దాచుకోవడం మానలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి మరి.

సందేహం హేమశ్రీ మీదికి పోయిందంటే అక్కడితో ఆగదు కదా. ఈ పిల్ల తీసుకుంటే ఎవరికి ఇస్తుంది? ఎదురు మేడ మీద గంగాధరం ఉన్నాడు. అతనూ వెబ్‌సైట్లు కట్టేవాడే. లాడ్జీలకు, ట్రావెల్స్ వాళ్ళకు కడతాడు. జయచంద్ర ఒక కొత్త పద్ధతి వాడిన పది రోజులకు అదే పద్ధతి గంగాధరం సైటులోనూ కనబడేది. పైగా ఒకరోజు కింద టిఫిన్ సెంటరు దగ్గర హేమశ్రీ గంగాధరంతో మాట్లాడుతుండగా మేడ మీది నుంచి చూశాడు. పైకి రాగానే అడిగాడు.

"ఏమంటా ఉండాడు గంగాధరం?"

"మీ మేడకి నీళ్ళు వచ్చినాయా అని అడిగినాడు సార్."

"అంతేనా?"

"అంతే సార్. మనకు వచ్చినాయి, వాళ్ళకి రాలేదంట."

నీళ్ళ కోసం అంతసేపా? ఆ పిల్ల సంచిలో ఎప్పుడూ ఒక నోటుబుక్కు ఉండేది. ఏదో రాసుకుంటూ ఉండి, జయచంద్ర అటు చూస్తే మూసేసేది. ఇప్పుడు ఆ బుక్కు కూడా సాక్ష్యంలో చేరింది.

ఒక ఆదివారం ఒక్కడే గదికి వచ్చి తలుపు వేసుకున్నాడు. దొంగాకు తయారుచేయాలి. సైటులో ఫారం నింపినవాళ్ళ వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూసే పాఠం ఒకటి నెట్‌లో దొరికితే, ఆ పేజీని తన డిస్కులో దాచి, మధ్యలో ఒక లైను సొంతంగా ఇరికించాడు. ఫోన్ నంబరు పదకొండు అంకెలు దాటితే, పంపినవాళ్ళకు 'థాంక్యూ' అని చూపిస్తుంది, వాళ్ళు ఫారంలో రాసిన ఉత్తరం మాత్రం ఎక్కడికీ పోదు. మన ఊళ్ళ నంబర్లు ఏవీ పదకొండు దాటవు గనుక పరీక్ష చేసినవాడికి తప్పు దొరకదు. గంగాధరం లాడ్జీలకు బయటి దేశాల నుంచి గదులు అడిగేవాళ్ళున్నారు. తగిలితే అతనికే తగలాలి. ఆ లైను గంగాధరం సోర్సులో కనబడిన రోజున హేమశ్రీ బండారం బయటపడుతుంది.

ఆ పేజీకి 'బంగారం రేటు' అని పేరు పెట్టి జాబితాలో అందరికంటే పైన కూచోబెట్టాడు. చేసిన పనికి మనసులో కాస్త మురిసిపోయాడు కూడా.

ఆ మరుసటి వారమే బంగారుపాళ్యం పని వచ్చింది. హైవే పక్కన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ బాలచంద్రది. డబ్బాల సరుకంతా పోయేది బయటి దేశాలకే. కాయలు దిగే ముందే సైటు లేవాలి, కొనేవాళ్ళు ఎన్ని టన్నులు కావాలో ఫారంలో రాస్తే ఆ ఉత్తరం నేరుగా తన మెయిల్‌కు రావాలి, అంతే ఆయన కోరింది. ఈ పని బాగా వస్తే ఆ రోడ్డు పొడుగునా ఉన్న ఫ్యాక్టరీలన్నీ తన దగ్గరికే వస్తాయని జయచంద్రకు తెలుసు. చెడితే ఇప్పుడు చేతిలో ఉన్న చిన్న పనులు కూడా మిగలవనీ తెలుసు.

సైటు మొత్తం హేమశ్రీయే కట్టింది. జయచంద్రకు తీరికెక్కడిది? అతను పొద్దున లేస్తే గంగాధరం సైట్లు ఒక్కొక్కటే తెరిచి సోర్సు వెతుక్కోవడంలో ఉన్నాడు. పదకొండు అంకెల లైను ఉందా? లేదు. రేపు రావచ్చు. మామిడి సైటు మాత్రం ఒకసారి పైపైన చూసి, ఫారంలో తన సెల్ నంబరు వేసి పంపాడు. ఉత్తరం బాలచంద్రకు అందింది. "బాగుండాది" అన్నాడు హేమశ్రీతో. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషం చూసి కూడా, ఇంత త్వరగా ఇంత పని ఎలా నేర్చిందబ్బా అని అనుమానపడ్డాడే గానీ మెచ్చుకోలేదు.

ఈలోగా జాబితాలో ఇంకో రెండు పేర్లు చేరాయి. 'చింతపండు' ఒకటి, 'ఉలవలు' ఒకటి. జయచంద్ర వాటిని తెరవనైనా తెరవలేదు. దొంగ విడిచిన అడుగులు చెరపకూడదని అలాగే ఉంచాడు.

నెల గడిచింది. గంగాధరం కొత్త సైటులో బొమ్మలు లేకుండా మెనూ గీసే పద్ధతి కనబడింది. అది 'తలనొప్పి మాత్రలు'లో పోయిన వారమే వచ్చింది. జయచంద్ర ఆగలేక కిందికి దిగి, టిఫిన్ సెంటరులో దోసె తింటున్న గంగాధరం ఎదుట కూచున్నాడు.

"ఆ మెనూ బాగుండాదప్పా. యాడ పట్టినావు?"

"అదా? ఆ సైటు వాళ్ళే శుక్రవారం శుక్రవారం మెయిల్ పంపిస్తారు గదా. పేరు రాసిస్తే సాలు. నీకు రాదా?" అన్నాడు గంగాధరం, చట్నీ అడుగుతూ.

ఊరంతా వాడే దారిని తన సొంత పెరడు అనుకున్నవాడికి ఎలా ఉంటుందో జయచంద్రకు అలా ఉంది. కానీ మేడ మెట్లెక్కేలోపే ఆ మాటను కూడా అనుమానించేశాడు. దొరికిపోతానని గంగాధరం ముందే జవాబు అల్లిపెట్టుకున్నాడు, గట్టివాడే అనుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ పిల్లి ఎవరో అతనికి తెలియలేదు.

జూన్ నెలాఖరులో బాలచంద్ర తనే బండేసుకుని వచ్చాడు. మంచి మనిషే, ఆ రోజు మాత్రం కుర్చీ చూపించినా కూచోలేదు.

"ఏమప్పా జయచంద్రా, సైటు పెట్టి నెలన్నరైంది. సుట్టుపక్కల ఊళ్ళనించి నాలుగు ఉత్తరాలొచ్చినాయి. బయటి దేశాల నించి ఒకటి గూడా రాలా. సరేలే, కొత్త గదా అని ఊరుకున్నా. నిన్న దుబాయి ఆయన ఫోన్ చేసినాడు. మూడుసార్లు రాసినాడంట. మూడుసార్లూ థాంక్యూ అని వచ్చిందంట. నేను జవాబియ్యలేదని వేరేవాళ్ళ కాడ కొనేసినాడు. కాయ నా ఫ్యాక్టరీలో కుళ్ళిపోతా ఉండాది."

థాంక్యూ అన్న మాట చెవిన పడగానే జయచంద్రకు తన లైను గుర్తొచ్చింది. కానీ నోరు మనసుకంటే ముందు పనిచేసింది.

"ఫారం రాసింది హేమశ్రీ. నేను సూడలా" అన్నాడు.

బాలచంద్ర ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "ఏం పాపా, పని రాకుంటే రాదని సెప్పాల గదా. మా సీజన్‌తోనా నువ్వు నేర్చుకునేది?"

హేమశ్రీ లేచి నిలబడింది. ఏడవలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీసి, పేజీ తిప్పి, జయచంద్ర ముందు పెట్టింది. బుక్కు నిండా అతని జాబితాలోని పాఠాలే. గుండ్రటి అక్షరాలతో, ఏ రోజు ఏది చదివిందో తేదీతో సహా రాసి ఉంది. బాగా అర్థమైనవాటికి పక్కన చిన్న టిక్కు, కానివాటికి ప్రశ్నగుర్తు. పదకొండు అంకెల లైను పక్కన ప్రశ్నగుర్తు ఉంది.

"ఈ లైను మీ 'బంగారం రేటు'లో ఉండాది సార్. ఎందుకో నాకు అర్థం కాలా. తీసేద్దామా అనుకున్నా" అంది.

"మరి తీసేయాల్సింది" అన్నాడు జయచంద్ర.

"అది బయటి సైటు కాదు సార్, మీ డిస్కులో ఉండే పేజీ. మీరే రాసుకున్న పాఠం అనుకున్నా. మీరు ఊరికే ఏదీ రాయరు గదా. నాకు తెలీని కారణం ఏదో ఉంటాదిలే అని అట్లే పెట్టినా."

బాలచంద్రకు ఈ డిస్కూ, పాఠమూ ఏమీ అర్థం కాలేదు. ఒక్క మాట చాలు, 'తప్పు నాది' అంటే చాలు. జయచంద్ర ఆ మాట నాలుక చివరి దాకా తెచ్చుకుని మింగేశాడు. ఆ రోడ్డు పొడుగునా ఉన్న ఫ్యాక్టరీలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. "నేను సరిచేస్తాలెండి" అని మాత్రం అన్నాడు.

బాలచంద్ర వెళ్ళాక హేమశ్రీ అడిగింది. "నన్ను పట్టుకునేదానికి పెట్టినారా సార్?"

అతను లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

"మొదటి రోజు మీరే గదా సార్, చూసి నేర్చుకోమన్నారు. బస్సు టైము సూద్దామని 'పూతలపట్టు బస్సులు' నొక్కినా. పాఠాలు వచ్చినాయి. నా ఊరి పేరు పెట్టినారు గదా, నా కోసమే పెట్టినారేమో అనుకున్నా." బుక్కు మూసింది. "మీరు దేనికన్నా అవస్థ పడతా ఉంటే, దాని మందు దొరికినప్పుడు నేనూ ఒకటి పెట్టినా. ఎదురుగా చెప్తే మీకు చిన్నతనంగా ఉంటాదేమో అని."

ఆ తరువాత అతని కంప్యూటర్ ముందు అర్ధగంట కూచుంది. ఏదో పనిచేసింది. లేచి, గది తాళంచెవి బల్ల మీద పెట్టి, నోటుబుక్కు సంచిలో వేసుకుని మెట్లు దిగింది. రెండున్నర బస్సుకు ఇంకా టైముంది. అయినా ఆగలేదు.

జయచంద్ర అప్పుడు 'చింతపండు' తెరిచాడు. 'ఉలవలు' తెరిచాడు. ఒకటి మే నెలలో తను మూడు రోజులు తల పట్టుకున్న చిక్కుకు జవాబు. రెండోది ఆ తరువాత తను చేతకాక వదిలేసినదానికి.

ఆదివారం పుత్తూరు పోయాడు. పెదనాయన ముసలివాడయ్యాడు, చేతులు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఎవరిదో మోచేతికి వెదురు దబ్బలు పెట్టి గుడ్డ చుడుతూ, జయచంద్ర చెప్పిందంతా విన్నాడు. కంప్యూటర్ అర్థం కాకపోయినా కథ అర్థమైంది.

"దొంగాకు కలిపినావా? మంచిదే. ఏ ఆకు కలిపినావు?"

"అంటే?"

"నేను కలిపే ఆకులు ఏవో బుట్ట మోసినోడివి, చూడలేదేమిరా? వట్టి పిచ్చాకులు. ఎవురన్నా తీసుకోని పోయి కట్టుకున్నా నొప్పి తగ్గదు, ఎక్కువా కాదు. మంట పుట్టే ఆకు మనం ఎప్పుడూ కలపలేదు. మన మందు దొంగిలించేది ఒకడు, చెయ్యి ఇరిగేది ఇంకొకడిదిరా అబ్బోడా."

కట్టు చివర ముడివేసి, పళ్ళతో దారం తెంపాడు. ఆ మోచేతి మనిషి అమ్మయ్య అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

సోమవారం బంగారుపాళ్యం పోయి, ఫ్యాక్టరీ గేటు దగ్గరే బాలచంద్రకు జరిగింది చెప్పేశాడు. లైను రాసింది తనేనని, ఆ పిల్లకు పాపం తెలియదని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. బాలచంద్ర మొత్తం విని, కాయల లారీకి దారివ్వడానికి పక్కకు జరిగాడు.

"ఆ రోజే సరైపోయిందిలేప్పా. ఆ పాప పోయే ముందు నీ గదిలోనే కూచోని సరిచేసి పోయిందంట, ఫోన్ చేసి చెప్పింది. మరుసటి దినమే రెండు ఉత్తరాలు వచ్చినాయి. ఈ మాట ఆ రోజు ఆ పాప ముందర చెప్పుంటే బాగుండు." మళ్ళీ అన్నాడు, కోపం లేకుండానే. "ఇంక మా సైటు ఆ పాపే సూసుకుంటాదిలే."

తిరుగు బస్సులో పూతలపట్టు కూడలి వచ్చింది. దిగి ఇల్లు అడుక్కుంటూ పోదామని లేచి నిలబడ్డాడు. కండక్టరు "దిగుతారా?" అంటే "లేదు" అని కూచున్నాడు. ఏ ముఖం పెట్టుకుని పోవాలి? రేపు పోదాం అనుకున్నాడు. ఆ రేపు పది రోజులైంది. పదకొండో రోజు పొద్దున కిటికీ తీస్తే ఎదురు మేడ మీద హేమశ్రీ గది ఊడుస్తూ కనబడింది, గంగాధరం గది. లేని సంబంధాన్ని నెలల తరబడి వెతికి వెతికి, చివరికి తన చేతులతో తనే కుదిర్చి పెట్టాడు.

ఆగస్టులో గంగాధరం ఒక కొత్త సైటు పెట్టాడు. జయచంద్ర అలవాటు కొద్దీ కుడి మీట నొక్కి సోర్సు తెరిచాడు. ఫారం చూసే భాగం దగ్గర, ఫోన్ నంబరు లైనుకు పైన, బ్రౌజర్ పట్టించుకోకుండా వదిలేసే చోట, చదివే మనిషికి మాత్రమే కనబడేలా ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు వాక్యం రాసి ఉంది.

'నంబరు ఎంత పొడుగున్నా ఉత్తరం పోవాల సార్.'

ఆ వాక్యం ఎవరి కోసం రాసిందో అతను అడగనక్కర్లేదు. తిరుపతిలో పొద్దున లేచి పక్కవాడి సోర్సు తెరిచి చూసేవాడు తనొక్కడే.